టెంకాయ లేచిన చోటు

పోయిన వారం మనం భారతిని రాప్తాడు ఆటోలోంచి దింపి, చేతిలో గుడ్డసంచితో ఇంటి వాకిట్లో నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటినుంచీ ఆమె అక్కడే ఉంది. సంచిలో ఉన్నవి రెండే వస్తువులు, ఒక నోటుపుస్తకం, ఒక స్టీలు కడియం. కడియం మీద భారతి పేరూ ఫోన్ నంబరూ చెక్కించి ఉన్నాయి. అయితే అది ఆమె వేసుకోవడానికి కాదు, ఆమె మామ సుంకప్ప చేతికి.

సుంకప్ప ఎవరో మధ్యలో చేరినవాళ్లకు చెప్పాలి. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లకు నీళ్లు చూసిన మనిషి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. టెంకాయ ఎక్కడ నిటారుగా లేచి నిలబడితే అక్కడ బోరు వేయాలి. నిజంగా లేస్తుందా అని నన్నడగొద్దు. ఆయన చూపిన చోట నీళ్లు పడినవాళ్లున్నారు, పడనివాళ్లున్నారు, పడినవాళ్లు కాస్త గట్టిగా మాట్లాడతారు. మూడేళ్ల నుంచి ఆ మనిషికి మతి తప్పుతోంది. పెద్దాసుపత్రి డాక్టరు దాన్ని డిమెన్షియా అన్నాడు. ఊరు దాన్ని గంగమ్మ అంది. పొద్దున్నే లేచి, తనలో తాను మాట్లాడుకుంటూ చేనుగట్ల వెంట తిరుగుతున్న సుంకప్పను చూసి, "సుంకప్పన్నకు గంగమ్మ దగ్గరైంది, ఇప్పుడు ఇంకా బాగా కనపడతాండాది" అని చెప్పుకున్నారు. కొడుకు వీరేష్ ఆ మాట విని కాదనలేదు. కోడలు భారతికి కాదనాలని ఉండేది గానీ, మొగుడి మొహం చూసి ఆమె కూడా ఊరుకునేది.

వాకిట్లో ఆమెకు ఎదురుపడింది తిప్పయ్య. చెప్పుల్లేని కాళ్లతో, నవ్వుమొహంతో. "నీ కోసమే నిలబడ్నా పాపా. మీ మామ ఈ పొద్దు నా తోటలో పాయింట్ పెట్టినాడు. రేప్పొద్దున్నే బోరు బండి వస్తాండాది" అన్నాడు. మనం ఆగింది అక్కడ.

తిప్పయ్యకు ఉన్నది నాలుగెకరాల చీనీ తోట, అంటే బత్తాయి. మొదటి బోరు ఆరేళ్లు నీళ్లిచ్చి ఆగిపోయింది. రెండోదాంట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూడోది పోయిన ఎండాకాలం వేశాడు, సుంకప్ప చూపిన చోటే. అందులోనూ దుమ్మే. తిప్పయ్య మాత్రం సుంకప్పను ఒక్క మాట అనలేదు. తప్పు తనదేనని తేల్చుకున్నాడు. పాయింట్ పెట్టిన చోటికి చెప్పులేసుకుని పోయాడట, అందుకే గంగమ్మ అలిగి పక్కకు తప్పుకుందట. ఆ రోజునుంచి తోటలోకే కాదు, ఊళ్లోకి కూడా వట్టి కాళ్లతోనే తిరుగుతున్నాడు. ట్యాంకరు నీళ్లతో చెట్లను బతికించుకుంటూ వచ్చి, ఇప్పుడు నాలుగో బోరు కోసం గొర్రెల మందంతా అమ్మేశాడు. ఇదీ పోతే చెట్లు కొట్టి కట్టెలకు వేసుకోవడం తప్ప ఆయనకు మిగిలేది ఏమీ లేదు.

భారతికి ఇదంతా తెలుసు. తెలిసి కూడా ఆ సాయంత్రం నోరు తెరవలేదు. ఆ నవ్వుమొహం చూసి చెప్పబుద్ధి కాలేదు. మీరైనా నేనైనా అంతే చేస్తాం.

తెల్లారింది. మంచం మీద లేచి కూర్చున్న సుంకప్ప రోజూ అడిగేదే అడిగాడు.

"ఓబులమ్మ యాడికి పోయింది మ్మా?"

ఓబులమ్మ ఆయన భార్య. పోయి ఆరేళ్లయింది. ఇంతకుముందు భారతి ఉన్నది ఉన్నట్టు చెప్పేది. "అత్త సచ్చిపోయి ఆరేండ్లాయ మామా" అనేది. ఆ మనిషి అప్పుడే విన్నట్టు ఏడ్చేవాడు. గంటకు మరిచిపోయి మళ్లీ అడిగేవాడు, మళ్లీ ఏడ్చేవాడు. ఒక రోజు మూడుసార్లు ఏడిపించానని భారతి లెక్కపెట్టుకుని, దొడ్లోకి పోయి తనూ ఏడ్చింది.

ఇప్పుడు అలా చెప్పలేదు. పక్కన కూర్చుని, "మామా, అత్త ఊరుబిండి ఎట్ల నూరేది?" అంది.

సుంకప్ప మొహం విచ్చుకుంది. "శెనక్కాయ విత్తనాలు మాడకుండా ఏంపల్ల. ఎండుమిరక్కాయ, చింతపండు. రోట్లోనే నూరల్ల. మిక్సీలో ఏస్తే నేను ముట్టను" అన్నాడు.

"రోట్లోనే నూరినాలే. తినుపో" అని సంగటి ముద్ద మీద ఊరుబిండి పెట్టి పళ్లెం చేతికిచ్చింది. ఓబులమ్మ సంగతి మరిచిపోయి ఆయన తినడం మొదలుపెట్టాడు.

ఈ ఉపాయం భారతి సొంతం కాదు. అనంతపురం పెద్దాసుపత్రిలో, మేడమీద గదిలో నేర్చుకున్నది. నెలకోసారి మంగళవారం పూట ఇలాంటి ఇళ్లవాళ్లు పదిపన్నెండు మంది అక్కడ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. నడిపేది సరళ అనే నర్సు. భారతి మొదటిసారి పోయినప్పుడు, మామకు ఏం మందులిస్తారో అడుగుదామని చీటీ పట్టుకుని కూర్చుంది. సరళ చీటీ చూడనే లేదు. "నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయింది భారతీ?" అని అడిగింది. మూడేళ్లలో ఆ మాట ఆమెను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ సుంకప్ప ఎలా ఉన్నాడని అడిగినవాళ్లే. అంతమంది ముందు భారతి వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరూ ఏడవొద్దు అనలేదు, ఒకావిడ మంచినీళ్లు మాత్రం అందించింది.

"మీ మామ అడిగేది ఆమె బతికుందా లేదా అని కాదు. ఆమె మీద బెంగ పుట్టి అడుగుతున్నాడు. ఆమె గురించి మాట్లాడు, చాలు" అని చెప్పింది సరళే. నోటుపుస్తకంలో రోజూ ఏం జరిగిందో రెండు ముక్కలు రాసిపెట్టుకోమన్నది కూడా ఆమే. ఇక కడియం సంగతి చెప్పింది అంజినప్ప అనే రిటైరైన బస్సు కండక్టరు. ఆయన భార్య రెండుసార్లు ఇల్లు తప్పిపోయిందట.

"కడియమొకటే సాలదు పాపా" అన్నాడు అంజినప్ప. "ఊర్లో పది మందికి చెప్పు. టీ అంగడాయనకు, ఆటోవాళ్లకు, గొర్రెలోళ్లకు. నేను రెండేండ్లు దాసిపెట్టినా. సిగ్గు. ఆ రెండేండ్లు నేనొక్కన్నే కావలి కాసినా, నిద్రల్యా, తిండిల్యా. సెప్పినంక ఊరే కావలి కాస్తాండాది."

పది మందికి చెప్పాలి. మొదటి మనిషి ఎవరో భారతికి ఇప్పుడు తెలిసిపోయింది.

వీరేష్ ట్రాక్టరు తుడుచుకుని లోపలికి వచ్చేసరికి కడియం గూట్లో కనిపించింది. తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. మంచివాడే వీరేష్. తాగడు, పెళ్లాన్ని ఒక మాట అనడు. తండ్రి అంటే మాత్రం ఎక్కడో మెత్తన.

"ఏందిది? నాయనకు బిళ్ల కట్టేకి నాయనేమన్నా గొడ్డా?"

"తప్పిపోతే ఎవురన్నా నాకు ఫోన్ సేస్తారని."

"యాడికి తప్పిపోతాడు? ఈ పక్క ఆయన్ను తెలీనోళ్లు ఎవురుండారు?"

"వాళ్లకు ఆయన తెలుసప్పా. ఆయనకు వాళ్లు తెలియాల్ల గదా" అంది భారతి. కడియం తీసుకుని చెంగున ముడేసుకుంది. "అది ఉండనీ. నేను తిప్పయ్య మామ తోట కాడికి పోతాండా. మామకు జబ్బని సెప్పేస్తా. బండి ఎనక్కి పంపిస్తాడో ఏం సేస్తాడో ఆయన ఇష్టం."

వీరేష్ గడపకు అడ్డంగా నిలబడ్డాడు. కోపంగా కాదు, ఏం చేయాలో తెలియక.

"సెప్తే నాయన పేరు పోతాది భారతీ. నలభై ఏండ్ల పేరు."

"నిన్న టెంకాయ లేసిందా?"

"లేసింది. తిప్పయ్య చిన్నాయన సూడ్లేదా? ఊరంతా సూసె."

"సెంబెడు నీళ్లు తొణక్కుండా పట్టుకోలేడు మామ. చెయ్యి ఎట్ల వణకతాదో నేను రోజూ సూస్తాండా. పోయిన నెల డ్రమ్ము కాడ నిలబడి, ఈడ నీళ్లు బాగా ఉండాయి, బోరెయ్యి అని నాతో సెప్పినాడు. నీళ్లుండేది డ్రమ్ములో. అట్లాంటి చేతిలో టెంకాయ ఎట్ల నిలబడింది?"

వీరేష్ తలుపు గొళ్లెం అటూ ఇటూ తిప్పాడు.

"ఎప్పుడూ మాదిరి నువ్వే మోచెయ్యి పట్టుకోనుంటివి గదా" అంది.

"పడిపోతాడేమోనని పట్టుకున్యా."

"లేపితివా?"

బయట మంచం మీద సుంకప్ప పళ్లెం గీరుతున్న చప్పుడు వినిపిస్తోంది. వీరేష్ గడప మీద కూలబడ్డాడు.

"ఊరికే ఇట్ల ఆనించినా" అన్నాడు, రెండు వేళ్లతో గాలిలో చూపిస్తూ. "ఆడ పుట్ట ఉండాది. పక్కన తంగేడు పచ్చగా ఉండాది. నాయన నా చిన్నప్పుడు సెప్పిన గుర్తులే అవన్నీ. నాకు తెలుసు భారతీ. నీళ్లు పడతాయి."

"తెలిస్తే నీ పేరు మీదే సెప్పుండొచ్చు గదా. మామ చెయ్యి ఎందుకు?"

ఇక్కడ వీరేష్ చెప్పిన మాట విన్నాక, అతని మీద నాకున్న కోపం సగం పోయింది. భారతికీ పోయినట్టుంది.

"టెంకాయ ఇచ్చినంతసేపూ ఆయన నాయన మాదిరి ఉంటాడు" అన్నాడు. "తుండుగుడ్డ తలకు సుట్టుకుంటాడు. నడుము నిలబెడతాడు. నిన్న నన్ను పేరు పెట్టి పిలిసినాడు, ఒరేయ్ వీరేషూ, ఎనక్కి జరుగు అన్యాడు. తిట్టినాడు నన్ను. ఎన్ని దినాలాయ తిట్టి. ఇంటికొచ్చినాక మళ్లీ అట్లే గోడ పక్కకు తిరిగి కూసున్యాడు. ఆ గంటసేపు నాకు కావాల్ల భారతీ."

భారతి అతని పక్కన కూర్చుంది. పెళ్లయిన పదకొండేళ్లలో మొగుడు ఏడవడం చూడలేదు, ఇప్పుడు చూస్తోంది. మూడేళ్లుగా ఈ బరువు తనొక్కతే మోస్తున్నాననుకుంది. ఇదే బరువును ఇతను వేరే మూల నుంచి మోస్తున్నాడని తెలియనే లేదు. జాలి కలిగింది, కోపం కూడా పూర్తిగా పోలేదు.

"ఆ గంట మామకు ఇద్దాం" అంది. "మన చేలోనే నడిపిద్దాం. టెంకాయ ఇద్దాం, తుండుగుడ్డ సుడదాం. రోజూ ఇద్దాం, బోరెయ్యకుంటే సాలు. సరళక్క అదే సెప్పింది, తెలిసిన పని చేతికియ్యండి, దాని వల్ల ఎవురికీ నష్టం రాకుండా సూసుకోండి అని. తిప్పయ్య మామ గొర్రెలన్నీ అమ్ముకున్యాడప్పా."

అంతలో రోడ్డు మీద బోరు బండి రొద వినిపించింది. పెద్ద బండి ముందు, కంప్రెసర్ బండి వెనక. రెండూ తిప్పయ్య తోట వైపు మళ్లాయి. సుంకప్ప పళ్లెం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఆ చప్పుడు ఆయనకు ఇంకా తెలుసు. చేతులైనా కడుక్కోకుండా నడక మొదలుపెట్టాడు. భారతి ఆయన వెంట పోయింది. వీరేష్ కాసేపు గడప మీదే ఉండి, తర్వాత వాళ్ల వెనకాల వచ్చాడు.

తోటలో చీనీ ఆకులు ముడుచుకుని ఉన్నాయి. పాయింట్ పెట్టిన చోట పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు. పుట్ట ఉంది, తంగేడు ఉంది, వీరేష్ అబద్ధం చెప్పలేదు. బండి మీది పొడవాటి స్తంభం అప్పుడే పైకి లేచి నిలబడింది. తిప్పయ్య చుట్టూ ఉన్నవాళ్లందరి చేతా చెప్పులు దూరంగా విడిపిస్తున్నాడు, ఒక్కొక్కరినీ బతిమాలుతూ. బండివాళ్లు కూడా నవ్వుకుంటూ విప్పారు.

"రాన్నా సుంకప్పన్నా. నీ కోసమే ఆపినాం" అన్నాడు తిప్పయ్య.

భారతి చెప్పులు విడిచి ముందుకు వచ్చింది. ఎలా చెప్పాలో దారిలో నాలుగు రకాలుగా అనుకుంది. అక్కడికొచ్చాక ఒకటీ గుర్తు రాలేదు.

"తిప్పయ్య మామా, మా మామకు జబ్బుండాది" అంది. "మతి పోయే జబ్బు. గంగమ్మ కాదు, ఏమీ కాదు. మూడేండ్లాయ. అనంతపురంలో డాక్టరుకు సూపిస్తాండా, మందులు వాడతాండా. మీకు ముందే సెప్పల్సింది. సెప్పలేకపోతి. నిన్న పెట్టిన పాయింట్ నమ్మొద్దు."

తిప్పయ్య ఆమెను చూశాడు. కోపం రాలేదు, అర్థమూ కాలేదు. నడుముకు కట్టిన గుడ్డలోంచి ఒక టెంకాయ తీసి సుంకప్ప చేతిలో పెట్టాడు.

"అన్నా, నువ్వే సెప్పు. నీళ్లుండాయా ల్యావా?"

సుంకప్ప అరచేయి చాచాడు. అలవాటు కొద్దీ వీరేష్ పక్కకు వచ్చి మోచేయి కింద చేయి పెట్టబోయాడు. భారతి ఆ చేయి పట్టుకుని మెల్లగా కిందికి దించింది. టెంకాయ అరచేతిలో పడుకునే వణికింది. ఒక పక్కకు దొర్లింది. చేయి జారి నేల మీద పడి, నిమ్మకాయల దాకా పోయి ఆగింది.

సుంకప్ప దాన్ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తిప్పయ్య మొహంలోకి చూశాడు, బాగా ఎరిగిన మనిషిని చూసినట్టు.

"నాకు తెల్దు తిప్పా" అన్నాడు.

నలభై ఏళ్లలో సుంకప్ప నోట ఆ మాట ఎవరూ వినలేదు. ఉంది అనేవాడు, లేదు అనేవాడు. తెలియదని ఎన్నడూ అనలేదు.

"శానా దినాలాయప్పా. ఏమీ తెలీదు. టెంకాయ ఇస్తారు, పట్టుకుంటా. తెల్దని సెప్పేకి సిగ్గయితాండాది" అన్నాడు. కోడలి వైపు తిరిగి, "సిగ్గయితాండాది మ్మా" అని మళ్లీ అన్నాడు.

బండి డ్రైవరు ఇంజను ఆపేశాడు. భారతి కళ్లు తుడుచుకోలేదు. ఈ మనిషి ఇన్నాళ్లూ లోపల ఒక్కడే ఉన్నాడు. తన సంగతి తనకు తెలుస్తూనే ఉంది, చెప్పడానికి మనిషి లేడు. అందరూ ఆయన్ను నీళ్లు అడిగారు గానీ, నీకెలా ఉందప్పా అని అడిగినవాళ్లు లేరు. తనూ అడగలేదు. ఆ సంగతి ఆమెను పట్టి కుదిపింది.

తిప్పయ్య దగ్గరికొచ్చి సుంకప్ప భుజం మీద చేయి వేశాడు. "సిగ్గేమన్నా, నువ్వు మాకు నీళ్లిచ్చినోనివి" అన్నాడు. భారతి చెంగున ముడి చూసి అడిగాడు. "ఏం పాపా అది?"

కడియం విప్పి చూపించింది. ఎందుకో చెప్పింది. తిప్పయ్య దాన్ని తీసుకుని తన చేతులతోనే సుంకప్ప చేతికి తొడిగాడు. "ఆ నంబరు నా ఫోన్లో ఎక్కించు. ఈ పక్కకొస్తే నేనే తీసుకోనొస్తా" అన్నాడు. పది మందిలో ఒకరయ్యారు. భారతికి మూడేళ్లలో మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి పోయినట్టయింది.

కడియం బిగుతుగా ఉంది. మణికట్టు దాటించి పైకి తోస్తూ, తిప్పయ్య చేయి సుంకప్ప మోచేతి దగ్గర ఆగింది. తిప్పయ్య ఏదో గుర్తు తెచ్చుకుంటున్నాడు. ఇందాక వీరేష్ చేయి ముందుకు రావడం చూశాడు. భారతి దాన్ని పట్టి దించడమూ చూశాడు.

"మూడేండ్లాయ అంటివి గదా పాపా" అన్నాడు నెమ్మదిగా.

"అవును మామా."

"నేను మూడో బోరేసింది పోయిన ఎండాకాలం."

నిన్నటి పాయింట్ ఒక్కటే అనుకుంది ఆమె. వెనక్కి లెక్క చూసుకోలేదు.

తిప్పయ్య వీరేష్ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "ఆ పొద్దు కూడా నువ్వే గదా నాయన పక్కన నిలబడింది? టెంకాయ లేపింది ఎవురు వీరేషూ?"

భారతి మొగుడి చూపు ఎక్కడుందో చూసింది. అతను తిప్పయ్య కాళ్ల వైపు చూస్తున్నాడు. ఏడాదిగా చెప్పులెరగక, పగుళ్లలో ఎర్రమన్ను దిగిపోయిన కాళ్లు.